ఫైర్‌వాల్ పోర్టులు ర్యాక్ వెనక ఉండిపోయాయి, ముందుకు తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: మా ఇంట్లో గోడకు బిగించిన 12యూ ర్యాక్ ఉంది (యూ అంటే ర్యాక్‌లో ఒక అర ఎత్తు). లోతు 450 మిల్లీమీటర్లు, ముందు అద్దం తలుపు. అందులో ప్యాచ్ ప్యానెల్ (ఇంటి కేబుళ్లు వచ్చి చేరే సాకెట్ల పట్టీ), స్విచ్, వాటి కింద ఒక యూ ఎత్తున్న ఫైర్‌వాల్ పెట్టుకున్నాను. దాంట్లో ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. ప్యాచ్ ప్యానెల్, స్విచ్ పోర్టులన్నీ ముందువైపే ఉన్నాయి. ఫైర్‌వాల్‌కి మాత్రం పవర్ బటన్, రెండు యూఎస్‌బీలు ముందు ఉంటే, ఆరు నెట్‌వర్క్ పోర్టులు, రెండు ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులు (10 గిగాబిట్ మాడ్యూళ్లు పెట్టేవి), కన్సోల్ (పెట్టెను నేరుగా సెట్ చేసుకునే పోర్టు), పవర్ వైరు అన్నీ వెనక ఉన్నాయి. వెనకంతా గోడ. ఒక్క కేబుల్ మార్చాలన్నా పక్క తలుపు ఊడదీసి, కనపడని పోర్టును వేళ్లతో తడుముకోవాలి. పెట్టెను తిప్పి బిగించమని ఒకరన్నారు. ప్యానెల్లో కప్లర్లు (రెండు కేబుళ్లను కలిపే సాకెట్లు) పెట్టి ఆరు పోర్టులూ ముందుకు తెచ్చుకోమని ఇంకొకరన్నారు. కప్లర్ పెడితే స్పీడు పడిపోతుందని మరొకరన్నారు. ఇంట్లో అందరి ఇంటర్నెట్టూ దీని మీదే నడుస్తుంది కాబట్టి ఎక్కడ చెడగొడతానో అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు స్పీడు సంగతి చెప్పేస్తాను. మంచి కప్లర్‌ను సరిగ్గా పెడితే ఇంట్లో ఉండే దూరాలకు స్పీడు పడిపోదు. ఆ భయంతో ఈ పని మానుకోనక్కర్లేదు. అలాగని ఆరు పోర్టులూ ముందుకు లాగమన్న సలహా కూడా నాకు నచ్చలేదు. చేయి పడే పోర్టులు ముందుకు రావాలి, మిగతావి వెనకే ఉండనివ్వాలి. మీ విషయంలో అలాంటివి మూడే కనిపిస్తున్నాయి. ఒకటి బయటి లైను వచ్చే వాన్ పోర్టు, రెండోది స్విచ్‌కి వెళ్లే ట్రంక్, అంటే ఇంటి నెట్‌వర్కులన్నీ కలిసి నడిచే ప్రధాన లైను, మూడోది ఏదైనా తేడా వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి ఒక ప్రత్యేకమైన పోర్టు. ఆ మూడోది మీరు అడగలేదు కానీ ఈ పనంతటిలో మీకు ఎక్కువ అక్కరకొచ్చేది అదే.

పెట్టెను తిప్పడం కుదిరితే కొనాల్సింది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి దాన్ని ముందు తేల్చుకుందాం. ఫైర్‌వాల్ పక్కన ర్యాక్‌కు బిగించే చెవులు ఉంటాయి కదా, వాటిని ఊడదీసి వెనక అంచున పెట్టడానికి రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. కొన్ని పెట్టెలకు రెండు చివరలా ఉంటాయి, కొన్నిటికి ముందువైపే ఉంటాయి. రంధ్రాలు ఉన్నా, తర్వాత చూడాల్సింది గాలి. ఒక యూ పెట్టెల్లో సాధారణంగా 40 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్లు ముందు నుంచి గాలి పీల్చి వెనక్కి వదులుతాయి. తిప్పి బిగిస్తే ఆ వేడిగాలి మీ అద్దం తలుపుకు కొట్టుకుని ర్యాక్‌లోనే తిరుగుతుంది, స్విచ్ కూడా అదే గాలి పీలుస్తుంది. పైగా పవర్ వైరు ముందుకొచ్చి వేలాడుతుంది, పవర్ బటన్ గోడ వైపు పోతుంది. ఎప్పుడైనా ఫైర్‌వాల్ బిగుసుకుపోతే బటన్ అందక వైరు పీకేస్తారు, అలా పీకినప్పుడు డిస్కు మీది ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

మీ పెట్టెలో ఫ్యాన్ లేకపోతే మాత్రం లెక్క మారుతుంది. ఫ్యాన్ లేని పెట్టెలు పైనున్న లోహపు గాడుల ద్వారా వేడిని వదులుతాయి, వాటికి ముందూ వెనకా తేడా లేదు. అలాంటిదైతే ఒక షెల్ఫ్ మీద పోర్టులు మన వైపు ఉండేలా పెట్టి, పైన ఒక యూ ఖాళీ వదిలి, పవర్ వైరును పక్క నుంచి వెనక్కి తిప్పేస్తే పని అయిపోయినట్టే. ఆ పరిస్థితిలో కప్లర్లకు డబ్బు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. మీరు రాసిన వివరాలను బట్టి, ముఖ్యంగా ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులున్న ఒక యూ పెట్టె అంటే, లోపల ఫ్యాన్లు ఉన్నట్టే అనుకుంటున్నాను. కాబట్టి దాన్ని అలాగే ఉంచి కేబుళ్లనే ముందుకు తెద్దాం.

కేబుళ్లను ముందుకు తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి బ్రష్ ప్యానెల్. ఒక యూ ఎత్తున్న లోహపు పట్టీలో పొడవాటి చీలిక, దానికి కుచ్చులా వెంట్రుకలు. వెనక నుంచి కేబుల్‌ను అందులోంచి ముందుకు తెచ్చి నేరుగా స్విచ్‌లో పెట్టేయొచ్చు. మధ్యలో అతుకు ఉండదు, పాడయ్యేది ఏమీ లేదు. రెండోది కీస్టోన్ ప్యానెల్. ఇందులో చదరపు గళ్లుంటాయి, ఒక్కో గడిలో ఒక కప్లర్ నొక్కి బిగిస్తారు. కప్లర్‌కు రెండు వైపులా మామూలు నెట్‌వర్క్ సాకెట్టే ఉంటుంది. వెనక సాకెట్‌లోకి ఫైర్‌వాల్ నుంచి వచ్చిన చిన్న కేబుల్, ముందు సాకెట్‌లోకి మనకు కావలసిన కేబుల్. ఫైర్‌వాల్ పోర్టే ముందుకొచ్చి కూర్చున్నట్టు ఉంటుంది.

ఒకసారి పెట్టి మళ్లీ ముట్టుకోని కేబుల్‌కు బ్రష్ ప్యానెల్ చాలు. అప్పుడప్పుడు పీకి పెట్టాల్సిన దానికి కీస్టోన్ కావాలి. మీ స్విచ్‌కి వెళ్లే ట్రంక్ మొదటి రకం. దాన్ని ఫైర్‌వాల్ వెనక నుంచి ఒకే కేబుల్‌గా బ్రష్‌లోంచి తెచ్చి స్విచ్‌లో పెట్టండి. కేబుల్ స్విచ్ వైపు ఎలాగూ ముందే ఉంటుంది, పీకాలంటే అక్కడ పీకొచ్చు. దీనికి కప్లర్ వేయడం అనవసరపు అతుకు. వాన్‌కూ, మీ ల్యాప్‌టాప్ పోర్టుకూ కప్లర్లు వేయండి. బ్రష్‌కు వేరుగా ఒక యూ, కీస్టోన్‌కు వేరుగా ఒక యూ కేటాయించడం మీకు కష్టమైతే కీస్టోన్ ప్యానెలే పెట్టుకుని ట్రంక్‌ను కూడా దాంట్లోంచే తీసుకురండి, నష్టం ఏమీ లేదు. ఖాళీ గళ్లను మూతలతో మూసేయండి.

ఆరు పోర్టులు ఉన్నప్పుడు మూడే చాలా అని మీకు అనుమానం రావచ్చు. చాలా ఇళ్లలో ఫైర్‌వాల్ పోర్టులు ఎక్కువ ఉన్నంత మాత్రాన ఎక్కువ వాడాల్సిన అవసరం లేదు. పిల్లల పరికరాలకు, కెమెరాలకు, అతిథులకు వేర్వేరు నెట్‌వర్కులు కావాలంటే ఒకే ట్రంక్ మీద వీల్యాన్లుగా (ఒకే కేబుల్ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్కులు, 802.1క్యూ ప్రమాణం) పంపించి స్విచ్ దగ్గర విడగొట్టుకోవచ్చు. మీ స్విచ్‌కి వీల్యాన్లు తెలియకపోతే అప్పుడు మాత్రం ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కో పోర్టు కావాలి, వాటిని కూడా ముందుకు తెచ్చుకోండి. వాడని పోర్టులను ముందుకు తేవడం వల్ల మీకొచ్చే లాభం లేదు, పైగా ఎవరో తెలియక కేబుల్ గుచ్చే అవకాశం పెరుగుతుంది.

వాన్ లైను విషయంలో కొంచెం ఆగి ఆలోచించాలి. చాలామంది మోడెమ్ నుంచి వచ్చిన కేబుల్‌ను నేరుగా ఫైర్‌వాల్ వెనక గుచ్చేస్తారు. దాంతో ఇంటర్నెట్ పోయిన రోజు తప్పు మోడెమ్‌దా, ఫైర్‌వాల్‌దా అని తేల్చుకోవడానికి మళ్లీ గోడ పక్కన తడుముకోవాలి. అందుకే మోడెమ్ నుంచి వచ్చే లైనును మీ ప్యాచ్ ప్యానెల్లో ఒక పోర్టు మీద దించండి. దాన్నుంచి ముందువైపు చిన్న ప్యాచ్ కేబుల్‌తో కీస్టోన్ ప్యానెల్లోని వాన్ కప్లర్‌కు కలపండి. ఇంటర్నెట్ ఆగినప్పుడు ఆ చిన్న కేబుల్‌ను ఫైర్‌వాల్ వైపు పీకి ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తే తప్పు ఏ వైపుందో తొందరగా తెలిసిపోతుంది. కొన్ని మోడెములు మొదట చూసిన పరికరం చిరునామానే గుర్తు పెట్టుకుంటాయి, అలాంటప్పుడు మోడెమ్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి. ఫైర్‌వాల్ రక్షణ లేకుండా ల్యాప్‌టాప్‌ను బయటి లైనుకు కలుపుతున్నారు కాబట్టి దాని సొంత ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, చూడాల్సింది చూసి వెంటనే తీసేయండి.

ఈ సౌకర్యంతో పాటే ఒక ప్రమాదం కూడా వస్తుంది. బయటి లైను ఇప్పుడు ఇంటి లైన్ల పక్కనే, అదే రకం సాకెట్‌లో కనిపిస్తుంది. ఎవరైనా పొరపాటున దాన్ని స్విచ్‌లో గుచ్చితే ఇంటర్నెట్ కంపెనీ వైపు డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే సేవ), మీ ఫైర్‌వాల్ డీహెచ్‌సీపీ ఒకే నెట్‌వర్కులో పోటీ పడతాయి. ఇంట్లోని ఏదో టీవీ బయటి చిరునామా తీసుకుని ఫైర్‌వాల్‌తో పని లేకుండా నేరుగా ఇంటర్నెట్‌కు కనపడవచ్చు. ఫైర్‌వాల్ తెరిచి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది కాబట్టి ఇది వెంటనే బయటపడదు. అందుకని వాన్‌ను ప్యానెల్‌కు ఒక చివరన పెట్టండి, పక్కన ఒకటి రెండు గళ్లు మూతలతో ఖాళీగా వదిలేయండి. ఆ లైనుకు మాత్రమే ఎర్ర కేబుల్ వాడండి. ఎర్ర కేబుల్ ఇంట్లో ఇంకెక్కడా ఉండకూడదు. కీస్టోన్ కప్లర్లు కూడా రంగుల్లో దొరుకుతాయి, కప్లర్ కూడా ఎర్రదైతే ఇంకా మంచిది.

ఇక కప్లర్ వల్ల నిజంగా ఏం జరుగుతుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు భయం పెట్టింది ఈ మాటే. నెట్‌వర్క్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. ఒక్కో జత ఒక్కో లెక్కన మెలితిరిగి ఉంటుంది. ఒక జతలోని సంకేతం పక్క జతలోకి చొరబడకుండా కాపాడేది ఆ మెలికే. ప్లగ్ దగ్గర మెలిక విడిపోతుంది, సంకేతం ఎనిమిది చిన్న రేకుల మీదుగా అవతలికి దాటుతుంది. అక్కడ కొంచెం బలం తగ్గుతుంది, కొంచెం వెనక్కి తిరిగి వస్తుంది, కొంచెం పక్క జతలోకి కారుతుంది. కప్లర్‌లో రెండు వైపులా ప్లగ్ కలుస్తుంది కాబట్టి దాన్ని రెండు అతుకులుగా లెక్కేయాలి. ఇంతవరకూ మీకు చెప్పినవారి మాట నిజమే.

అయితే ఈ అతుకులన్నిటినీ ముందే లెక్కలో వేసుకుని ప్రమాణాలు రాశారు. 90 మీటర్ల స్థిరమైన కేబుల్, 10 మీటర్ల ప్యాచ్ కేబుళ్లు, మొత్తం 100 మీటర్ల దారిలో నాలుగు అతుకుల దాకా ఉన్నా పని చేయాలన్నది అక్కడి కొలత. మీ వాన్ దారిని లెక్కేద్దాం. మోడెమ్ దగ్గర గోడ సాకెట్ ఉంటే అది ఒకటి, ప్యాచ్ ప్యానెల్ ఒకటి, కప్లర్ రెండు. నాలుగు అతుకులు అయ్యాయి, కానీ దూరం 100 మీటర్లకు బదులు ఇంట్లో ఎంతుంటుంది? చాలా తక్కువ. కేబుల్ పొట్టిగా ఉండడం వల్ల మిగిలిన వెసులుబాటు ముందు ఒక మంచి కప్లర్ తినేది లెక్కలోకే రాదు.

మంచి కప్లర్ అన్న మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. ఒక గిగాబిట్‌కు క్యాట్ 5ఈ రకం సరిపోతుంది. 2.5 గిగాబిట్ ప్రమాణాన్ని 2016లో తెచ్చిందే పాత క్యాట్ 5ఈ కేబుళ్లను మార్చకుండా స్పీడు పెంచుకోవడానికి, కాబట్టి అక్కడ క్యాట్ 6 కప్లర్ పెడితే నిశ్చింత. రాగి కేబుల్ మీద 10 గిగాబిట్ నడపాలనుకుంటే కప్లర్, ముందు కేబుల్, వెనక కేబుల్ మూడూ క్యాట్ 6ఏ అయితే నిశ్చింత. అందులో ఒకటి తక్కువ రకమైతే మిగతా రెండు ఎంత మంచివైనా దారి మొత్తం ఆ తక్కువ రకం కిందే లెక్క.

కప్లర్లు చెడిపోయే తీరు తెలుసుకుంటే తప్పు పట్టుకోవడం తేలిక. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు. కప్లర్‌లో ఒక్క రేకు సరిగ్గా ఆనకపోతే చాలా సందర్భాల్లో లైను ఆగిపోదు, చడీచప్పుడు లేకుండా 100 మెగాబిట్‌కు దిగిపోయి నడుస్తూనే ఉంటుంది. లైటు వెలుగుతుంది, వెబ్‌సైట్లు తెరుచుకుంటాయి, వీడియో కూడా ఆడుతుంది. ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకుంటూ నెలలు గడిచిపోతాయి. కప్లర్ వేస్తే స్పీడు పోయిందని చెప్పేవారిలో చాలామందికి జరిగింది ఇదే అని నా నమ్మకం. మీరు కప్లర్ పెట్టిన వెంటనే ఓపీఎన్‌సెన్స్‌లో ఆ ఇంటర్‌ఫేస్ ఎంత స్పీడుతో కలిసిందో చూడండి. అక్కడ 1000 కనపడాల్సిన చోట 100 ఉంటే కప్లర్‌ను తీసి వేరేది పెట్టండి.

కప్లర్‌కు బదులు వెనక తీగలు నొక్కి బిగించే పంచ్‌డౌన్ జాకులు వాడొచ్చా అని కొందరు అడుగుతుంటారు. అతుకు ఒకటి తగ్గుతుంది, ఆ మేరకు మంచిదే. కానీ ఆ జాకులు సాధారణంగా గట్టి ఒంటి తీగ ఉన్న కేబుల్ కోసం తయారవుతాయి. ప్యాచ్ కేబుల్లో ఉండేవి సన్నటి పోగులు కలిపిన మెత్తటి తీగలు. ప్యాచ్ కేబుల్‌ను మధ్యలో కోసి జాకులో నొక్కితే మొదట పనిచేసినా కొన్నాళ్లకు పట్టు వదులుతుంది. మెత్తటి తీగలకూ పనికొస్తుందని జాకు తయారీదారు చెబితే తప్ప ఆ పని చేయొద్దు. మీటరు దూరానికి ఫ్యాక్టరీలో ప్లగ్‌లు వేసి వచ్చిన కేబుల్, కప్లర్ ఉంటే చాలు.

ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులను కప్లర్‌తో ముందుకు తేవాలని ప్రయత్నించొద్దు. స్విచ్‌లో కూడా ఆ పోర్టు ఉంటే రెండింటికీ మధ్య డీఏసీ కేబుల్ వేయండి. అంటే రెండు చివరలా మాడ్యూలు అతికించి వచ్చే రాగి కేబుల్. ఇది పొట్టి దూరాలకు చవక, వేడి తక్కువ. దీనికి మధ్యలో అతుకు వేసే వీలు లేదు కాబట్టి బ్రష్‌లోంచి నేరుగా తెచ్చుకోవాలి. కేబుల్ లావుగా, బిరుసుగా ఉంటుంది, వెనక గోడకు దగ్గరగా ఉంటే వంచడం కష్టం. అక్కడ చోటు చాలకపోతే ఫైబర్ మాడ్యూళ్లు, ఎల్‌సీ ఫైబర్ కేబుల్ వాడండి, అది సన్నగా ఉండి సులువుగా తిరుగుతుంది. ట్రంక్‌ను దీని మీదే నడిపితే రాగి పోర్టుల్లో ముందుకు తేవాల్సింది వాన్, ల్యాప్‌టాప్ పోర్టు మాత్రమే.

ఇప్పుడు కొలతలు. ఏదైనా కొనేముందు టేపు తీసుకుని ర్యాక్ దగ్గర కూర్చోండి. 450 మిల్లీమీటర్లన్నది బయటి కొలత, లోపల వాడుకోగలిగింది అంతకన్నా తక్కువ. ముందు పట్టాలకూ అద్దం తలుపుకూ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ప్లగ్, దాని తొడుగు, కేబుల్ వంపు కలిపి ఆరేడు సెంటీమీటర్లన్నా కావాలి. క్యాట్ 6 కేబుల్ లావు సుమారు 6 మిల్లీమీటర్లు, వంపు వ్యాసార్థం లావుకు నాలుగు రెట్లకు తగ్గకూడదు, అంటే దాదాపు 25 మిల్లీమీటర్లు. అంతకన్నా ఎక్కువగా వంచితే లోపలి మెలికలు చెదురుతాయి. తలుపు వేసినప్పుడు కేబుళ్లు నలుగుతుంటే పట్టాలను వెనక్కి జరపొచ్చు, చాలా గోడ ర్యాకుల్లో ఆ వీలుంటుంది. కానీ పట్టాలను ఎంత వెనక్కి జరిపితే వెనక అంత చోటు పోతుంది. ఫైర్‌వాల్ వెనక పవర్ ప్లగ్ కూడా ఉందని మరిచిపోవద్దు. మామూలు సీ13 ప్లగ్ తిన్నగా బయటికి పొడుచుకొస్తుంది, గోడకు తగిలేలా ఉంటే పక్కకు తిరిగి ఉండే ప్లగ్ ఉన్న వైరు తెచ్చుకోండి. ప్లగ్ మీద గోడ ఒత్తిడి పడితే వైరు వదులై ఫైర్‌వాల్ హఠాత్తుగా ఆగిపోతుంది.

కీస్టోన్ ప్యానెల్‌ను ఫైర్‌వాల్‌కు సరిగ్గా పై యూలో పెట్టండి. దాని వెనక చోటంతా ఖాళీగా ఉంటుంది కాబట్టి కప్లర్ల పొడవుకు ఇబ్బంది రాదు, కేబుళ్లు ఫైర్‌వాల్ పైనుంచి వెనక్కి దిగుతాయి. పెట్టె మూతకు పైన గాలి రంధ్రాలుంటే కేబుళ్లను వాటి మీద పరవకుండా పక్కకు జరిపి కట్టండి. ప్యానెల్ ఎంచుకునేటప్పుడు వెనక కేబుళ్లను కట్టుకునే కడ్డీ ఉన్నది తీసుకోండి. ముందు నుంచి ప్లగ్ గుచ్చిన ప్రతిసారీ కప్లర్ వెనక్కి నెట్టబడుతుంది, వెనక ఆసరా లేకపోతే కొన్నాళ్లకు అది గడిలోంచి ఊడి వస్తుంది. కట్టడానికి ప్లాస్టిక్ టై వద్దు, వెల్‌క్రో పట్టీ వాడండి, అదీ వదులుగా.

వెనక కేబుళ్లు ఎంత పొడవుండాలన్నదే ఈ పనిలో ఎక్కువమంది తక్కువ అంచనా వేసేది. పోర్టు నుంచి కప్లర్ వరకు కొలిచి అంతే పొడవు తెస్తే చూడడానికి ముచ్చటగా ఉంటుంది, కానీ తర్వాత ఫైర్‌వాల్‌ను ముందుకు లాగలేరు. మీ ర్యాక్ వెనక గోడ ఉంది, వెనక పోర్టులను కళ్లతో చూడడానికి దారి ఒక్కటే, స్క్రూలు తీసి పెట్టెను ముందుకు లాగడం. పెట్టె నడుస్తుండగానే దాని వెనక భాగం మీ కళ్లకు కనపడేంత దూరం రావాలి, అప్పటిదాకా నెట్‌వర్క్ కేబుళ్లు గానీ పవర్ వైరు గానీ బిగుసుకోకూడదు. పెట్టె లోతుకు రెండింతలు వేసుకుని, పైకి ఎక్కే ఎత్తు, వంపులు కలిపితే ఎంత వస్తుందో అంత పొడవు తీసుకోండి. చాలా సందర్భాల్లో మీటరు కేబుల్ సరిపోతుంది. మిగిలిన పొడవును పక్కన పెద్ద చుట్టగా వదిలేయండి. చోటు ఇరుకైతే 28 ఏడబ్ల్యూజీ సన్న కేబుళ్లు వాడొచ్చు, మీటరు దూరానికి వాటి వల్ల నష్టం ఉండదు. కేబుల్లో తీగలు మాత్రం నికార్సయిన రాగివై ఉండాలి, రాగి పూత పూసిన అల్యూమినియం వద్దు.

లోహపు తొడుగున్న కప్లర్లు మేలా అంటే, మీ కేబుళ్లు కూడా తొడుగున్నవై, ప్యానెల్ సరైన ఎర్త్‌కు కలిసి ఉంటేనే. లేకపోతే మామూలువే పెట్టుకోండి.

ల్యాప్‌టాప్ పోర్టు గురించి చెబుతానన్నాను. ఫైర్‌వాల్‌లో ఏదో ఒక రోజు వీల్యాన్ సెట్టింగ్ తప్పుగా నొక్కుతారు, స్విచ్ వైపు నుంచి దారి మూసుకుపోతుంది. అలాంటప్పుడు స్విచ్‌తో, వీల్యాన్లతో సంబంధం లేని ఒక పోర్టు చేతికందేలా ఉంటే ల్యాప్‌టాప్ గుచ్చి సెట్టింగ్ వెనక్కి మార్చుకోవచ్చు. ఒక పోర్టును వేరే ఇంటర్‌ఫేస్‌గా చేర్చి, దానికి 192.168.99.1 లాంటి వేరే చిరునామా ఇచ్చి, డీహెచ్‌సీపీ ఆన్ చేయండి. కొత్తగా చేర్చిన ఇంటర్‌ఫేస్ మీద మీరు రూలు రాసేదాకా ఓపీఎన్‌సెన్స్ దేన్నీ లోపలికి రానివ్వదు, కాబట్టి ఫైర్‌వాల్ పేజీ తెరుచుకోవడానికి మాత్రం అనుమతించే రూలు రాయండి. ఇంటర్నెట్‌కు, మిగతా నెట్‌వర్కులకు దారి ఇవ్వొద్దు. అప్పుడు ఎవరైనా వచ్చి ఊరికే కేబుల్ గుచ్చినా పాస్‌వర్డ్ అడిగే పేజీ తప్ప ఇంకేమీ దొరకదు. అవసరం రాకముందే ఒకసారి నిజంగా ల్యాప్‌టాప్ పెట్టి లాగిన్ అయి చూడండి. మీ ర్యాక్ తలుపుకు తాళం ఉంటే వేసుకోవడమూ మంచిదే.

కన్సోల్ పోర్టు కూడా నెట్‌వర్క్ సాకెట్ ఆకారంలోనే ఉంటే దాన్ని వెనకే ఉంచండి. ముందుకు తెస్తే ఎవరో దాన్ని నెట్‌వర్క్ పోర్టు అనుకుంటారు. ప్రమాణం ప్రకారం నడిచే పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు పంపే) స్విచ్ ముందు అవతలి పరికరాన్ని పరీక్షించి గానీ కరెంటు ఇవ్వదు, కానీ పరీక్షించకుండా నేరుగా వోల్టేజీ తోసే పాత తరహా అడాప్టర్లు ఉన్నాయి, వాటి కేబుల్ పొరపాటున కన్సోల్‌లో పడితే పోర్టు కాలిపోవచ్చు. తప్పనిసరిగా కావాలంటే ప్యానెల్లో దూరంగా, వేరే రంగులో పెట్టి పేరు రాయండి.

పోర్టుల పేర్ల సంగతి ఫైర్‌వాల్‌ను ర్యాక్‌లోకి ఎక్కించేముందే తేల్చుకోవాలి. పెట్టె మీద ముద్రించిన 1, 2, 3 వరుస, ఓపీఎన్‌సెన్స్ లోపల కనపడే ఐజీసీ0, ఐజీసీ1 వరుస ప్రతిసారీ ఒకేలా ఉండాలని లేదు. కొన్ని పెట్టెల్లో కుడి నుంచి ఎడమకు ఉంటాయి. పెట్టె బల్ల మీద ఉన్నప్పుడే ఒక్కో పోర్టులో కేబుల్ గుచ్చి తీస్తూ, లోపల ఏ పేరు కింద లైను కలిసిందో చూసి కాగితం మీద రాసుకోండి. తర్వాత ఒక్కో కేబుల్‌కు రెండు చివరలా, ప్యానెల్ ముందూ లేబుల్ అంటించండి. లేబుల్ మీద వాన్ అని మాత్రమే రాస్తే సరిపోదు, లోపలి పేరు కూడా రాయండి. ఇప్పుడు పోర్టు లైట్లు వెనక ఉండిపోయి మీకు కనపడవు, కాబట్టి ఏ పోర్టు ఆరిపోయిందో తెలుసుకోవడానికి ఆ పేరే ఆధారం.

పని చేసే రోజు ఇంట్లో అందరికీ ముందే చెప్పి కొంత ఎక్కువ సమయమే అడగండి. సెట్టింగుల బ్యాకప్ ఫైలును ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. ఇప్పుడున్న స్థితిలో ప్రతి ఇంటర్‌ఫేస్ స్పీడు రాసుకోండి, వీలైతే ల్యాప్‌టాప్‌కూ ఇంట్లో ఇంకో కంప్యూటర్‌కూ మధ్య ఫైర్‌వాల్ మీదుగా ఐపెర్ఫ్ అనే స్పీడు కొలిచే ప్రోగ్రాం నడిపి ఎంత వస్తుందో చూడండి. గిగాబిట్ లైను మీద 940 మెగాబిట్ల దగ్గర్లో వస్తే అది పూర్తి స్పీడే, మిగిలింది ప్యాకెట్ల పైతొడుగులకు పోతుంది. తర్వాత ఫైర్‌వాల్‌ను మెనూలోంచి సరిగ్గా ఆపి, పెట్టెను బయటికి తీసి, వెనక కేబుళ్లన్నీ బయటే గుచ్చి, లేబుల్ చూసుకుని, కేబుళ్లతో సహా లోపలికి జరపండి. చివర్లో స్క్రూలు బిగించి, కప్లర్లు ప్యానెల్లో నొక్కి, ముందు కేబుళ్లు పెట్టండి. ముందు ల్యాప్‌టాప్ పోర్టు నుంచి లాగిన్ అవండి, అది పనిచేస్తే ట్రంక్, ఆ తర్వాత వాన్.

స్పీడు సరిగ్గా కలిసిందని చూసుకున్నాక, ఇంటర్‌ఫేస్ వివరాల పేజీలో లోపాల లెక్క ఉంటుంది, ఆ అంకె కూడా రాసుకోండి. ఒక వారం పోయాక మళ్లీ చూడండి. అంకె అలాగే ఉంటే అతుకులన్నీ బాగున్నట్టే. పెరుగుతూ ఉంటే మొదట కప్లర్ మార్చి చూడండి, ఆ తర్వాత ముందు కేబుల్, చివరగా వెనక కేబుల్. ఇందుకోసం కప్లర్ ఒకటి ఎక్కువ కొని, ర్యాక్ అడుగున సంచిలో ఉంచుకోండి.